మేడం అనని మాట

ఏండ్ల తరబడి నేనొక మాటను మోస్తా ఉండాను. అది నేను అన్న మాట కాదు. ఇంకొకరు అన్నారని నేను చెప్పిన మాట. పని చేసుకునేటప్పుడు మరిచిపోతాను, అన్నం ముందర కూర్చుంటే గుర్తొస్తాది. నా పేరు చెప్పను. చెప్తే మా పక్క చాలామందికి తెలిసిపోతుంది. మీరెవరో నాకు తెలీదు, అదే మేలు. తెలిసిన మొహాల ముందర ఈ సంగతి నాకు మొన్నటిదాకా నోటికి రాలేదు.

చంద్రగిరి అవతలి పల్లెల్లో నేను కరెంటు లైన్‌మన్‌గా చేసినాను. అంతా మామిడితోటలు, చెరుకు, బోరు మోటార్లు. ఫ్యూజు పోయిందంటే రైతు ఆగడు, మేము పరిగెత్తాల్సిందే. మా ఆఫీసుకు ఇంజనీరుగా ఒకామె వచ్చింది. ఎస్తేరు రాణి అని పేరు. ఎస్తేరు మేడం అనేవాళ్ళం. నాకంటే బాగా చిన్నది. ఆదివారం చర్చికి పోతాదని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మేమే కనిపెట్టి గుర్తుపెట్టుకున్నాం. ఎందుకు గుర్తుపెట్టుకున్నామో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తాది.

ఆమె మీద నాకొక కోపం ఉండింది. దానికీ దేవునికీ సంబంధం లేదు. సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపించకుండా నేనొకసారి ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టినాను. పాత అలవాటు. ఆమె చూసి అందరి ముందర తిట్టింది. తప్పు నాదే. అయినా, చిన్నది, ఆడమనిషి, నన్ను నిలబెట్టి అనిందే అని లోపల పెట్టుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ ఏడు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. నా భార్యకు పెద్ద ఆపరేషను అయినప్పుడు, మనిషి దక్కితే కొండకొస్తానని మొక్కుకున్నాను. దక్కింది. నా భక్తి అబద్ధం కాదు, ఈ ఒక్కటి మీరు నమ్మాల. నల్లబట్టలు కట్టి, పొద్దన్నే చన్నీళ్ళు పోసుకొని శరణు చెప్పుకుంటే, నా కండ్లలో నీళ్ళు వాటంతటవే కారేవి.

మాలతో డ్యూటీకి పోయిన మొదటి పొద్దు మేడం నా వట్టి కాళ్ళు చూసింది.

“కూర్చో స్వామీ. దీక్షలో చెప్పులేసుకోరు కదా?”

“వేసుకోం మేడం.”

“అయితే దీక్ష అయ్యేదాకా నువ్వు లైను మీదికి పోవద్దు. ఆఫీసులో ఉండి ఫోన్లు చూసుకో. దీక్ష అయినాక బూట్లేసుకొని రా.”

“ఇన్నేండ్లుగా ఎక్కతా ఉండాను మేడం. నాకేమీ కాదు.”

“నీ నమ్మకం నీకుండనీ, నేను కాదనను. కరెంటుకు ఎవరు మాల వేసినారో తెలీదు కదా స్వామీ. వట్టి కాళ్ళతో నిన్ను పంపితే నాకు అన్నం దిగదు.”

అంతే ఆమె అనింది. అన్నాక వాచ్‌మన్‌ను పిలిచి, స్వామికి వేరేగా కొత్త కుండ తెచ్చి నీళ్ళు పెట్టు, ఇంకెవరూ అందులో చెయ్యి పెట్టొద్దు అని చెప్పింది. ఆ కుండలో నీళ్ళు నేను తాగినాను.

కానీ ఫోను దగ్గర కూర్చోవడం నాకు కడుపుమంట అయిపోయింది. లైనుకు పోతా పోతా తోటివాళ్ళు నవ్వినారు, స్వామి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేరినాడప్పా అని. ఆ సాయంత్రం పూజకు పోతే గురుస్వామి నా మొహం చూసి ఏమైందని అడిగినాడు. బజారులో సరుకుల అంగడి పెట్టుకున్న పెద్దమనిషి, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు.

“మేడం లైను మీదికి రావద్దనింది స్వామీ” అన్నాను.

“ఎందుకంట?”

అప్పుడు ఉన్నది చెప్పింటే సరిపోయేది. కాళ్ళకు బూట్లు లేవని, ప్రమాదమని. ఆయన కూడా ‘మేడం మంచిమాటే చెప్పింది కదా’ అనేవాడు. ఆ మాట ఆయన నోటినుంచి వస్తుందనే నాకు భయమేసిందేమో. ఇంకోసారి తప్పు నాదే అవుతుందనేమో.

“మాల తీసి, బూట్లేసుకొని రమ్మనింది.”

“ఆ మాటే అనిందా?”

“ఆ మాటే.”

ఆమె ‘దీక్ష అయినాక’ అనింది. నేను దాన్ని తీసేసి ‘మాల తీసి’ అని పెట్టినాను. ముందే అనుకొని చేసినానా? లేదనే నాకు నేను చెప్పుకుంటా వచ్చినాను. అయితే ఆయన రెండోసారి అడిగినప్పుడు? అప్పుడు నేను బాగా ఆలోచించే చెప్పినాను. ఆ ‘ఆ మాటే’ అన్నది నోరుజారి వచ్చింది కాదు.

మరుసటి పొద్దు స్వాములు ఆఫీసు ముందర కూర్చున్నారు. చుట్టుపక్కల పల్లెలనుంచి కూడా వచ్చినారు. శరణుఘోషతో ఆవరణ అదిరిపోయింది. చాలామంది ఫోన్లు పట్టుకొని వీడియోలు తీసినారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఇది కూడా చెప్పాల. నాకు అవమానం జరిగిందని నమ్మి వచ్చినారు. కొంతమంది కూలిపని మానుకొని వచ్చినారు. వాళ్ళ బాధ నిజమైనది. దాని కింద నేను పెట్టిందే అబద్ధం.

మేడం బయటికి వచ్చి చేతులు జోడించింది. నేను ఆ మాట అనలేదు అనింది. ఎవరూ వినలేదు. ఆమె పేరే వాళ్ళకు చాలిపోయింది. లక్ష్మో, పద్మావతో అయ్యింటే, ‘అట్లా ఎందుకంటాది, ఇంకోసారి అడిగి చూడండప్పా’ అని ఒకరైనా అనేవాళ్ళు. ఆమె జనంలో నన్ను వెతుక్కొని, నా పక్క తిరిగింది. “స్వామీ, నువ్వు చెప్పు” అనింది. కోపంగా కాదు. నేను చెప్తాననే అనుకొని అడిగింది.

నేను తల దించుకున్నాను. ‘పాపం, స్వామి ఎంత నొచ్చుకున్నాడో చూడండి’ అన్నారు ఎవరో నా వెనక.

వారం తిరక్కముందే ఆమెను నాయుడుపేట పక్కకు మార్చేసినారు. సామాన్లు సర్దుకున్న పొద్దు నేను లీవు పెట్టినాను.

ఆ తర్వాత వచ్చిన ఇంజనీరు మనవాడే. నుదుట బొట్టు లేకుండా బయటికి రాడు. ఆయనకు మా కథంతా తెలుసు. మరుసటి ఏడు నా తోటి లైన్‌మన్ మునిరాజు మాల వేసుకున్నాడు. నేనూ వాడూ కలిసి ఉద్యోగం నేర్చుకున్నవాళ్ళం. వాడు వట్టి కాళ్ళతో డ్యూటీకొస్తే ఇంజనీరు, ‘మీ ఇష్టం స్వామీ, నేనేమీ అనను, మళ్ళీ నా మీద గలాటా వద్దు’ అని లోపలికి పోయినాడు. మునిరాజు నాతో నవ్వతా, “నీ పుణ్యమప్పా, ఇప్పుడు మనల్ని అడిగేవాడే లేడు” అన్నాడు.

ఆ ఏడు నేను మాల వేసుకోలేదు. నా కాళ్ళకు బూట్లుండాయి.

తుంపర పడతా ఉండింది. చెరుకుతోట పక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి ఇద్దరం పోయినాం. స్విచ్చి దించినాం. మూడు తీగల్లో ఒకదాని దగ్గర అది సరిగా ఊడలేదు, తుప్పు పట్టిందో ఏమో, ఆ తీగలో కరెంటు అట్లే ఉండింది, మేము పైకి చూసుకోలేదు. మునిరాజు తడినేల మీద నిలబడి ఫ్యూజుకు చెయ్యి పెట్టినాడు. నేను పక్కనే ఉండాను. బూట్లేసుకోప్పా అనే మాట ఆ పొద్దు పొద్దన్నుంచి నా నోటిదాకా వచ్చి ఆగిపోతానే ఉండింది. అంటే, మేడం మాటే నేను అన్నట్టవుతుంది కదా. వాడు ఎగిరి అవతల పడినాడు.

ప్రాణం దక్కింది. తిరుపతి పెద్దాసుపత్రిలో కుడిచెయ్యి మోచేతి దాకా తీసేసినారు. బూట్లుండింటే దెబ్బ ఇంత తగిలేది కాదు అని అక్కడ డాక్టరు అన్నాడు. వాడి భార్య నన్ను పట్టుకొని ఏడ్చింది. నువ్వన్నా పక్కనున్నావు, లేకపోతే మనిషే పోయేవాడన్నా అనింది. అట్లా మెచ్చుకోలు కూడా తీసుకున్నాను నేను.

ఆ తర్వాత టీ అంగడిలో కూర్చున్నప్పుడంతా ఎవరో ఒకరు అంటారు. మన దేవుడంటే ఈ ఆఫీసుల్లో పడదబ్బా, ఈయనకు జరగలేదా, అడగండి అని. నన్ను చూపిస్తారు. నేనే రుజువు. ఈ పడదనేది నిజమా అని నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. అంతా అబద్ధమనీ చెప్పలేను. మేడం రాకముందు, మనవాడే ఒక ఆఫీసరు, పైవాళ్ళు వస్తా ఉండారని నా నుదుట విభూతి తుడిపించినాడు. ఆ పొద్దు నిజంగా నొప్పి పుట్టింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు, చెప్పినా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మా పక్క వీధిలో నాలుగు క్రైస్తవుల ఇండ్లవాళ్ళు ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే మనవాళ్ళు మైకు తీయమన్నారు. తీసినారు. తర్వాత పాటే వద్దన్నారు. వాళ్ళు స్టేషనుకు పోతే, ఇదంతా నాటకం అన్నారు మనవాళ్ళు. నాటకమాడినవాణ్ణి నేను కదా? వాళ్ళు కాదు కదా? జరగనిదానికి ఊరంతా లేచింది, జరిగినవాటికి ఒక్కరూ లేవలేదు. నిజంగా దెబ్బ తిన్నోడు రేపు వచ్చి చెప్పుకుంటే, వాడి మాటలో కూడా నాలాంటోడి అబద్ధం కలిసి ఉంటుంది. ఎవరు ఏ మాట అన్నారో, ఎందుకన్నారో, అన్నవాళ్ళనే ఒకసారి అడిగి తెలుసుకునే ఓపిక మాకెవరికీ లేకపోయింది.

మొన్న మునిరాజు ఇంటికి పోయినాను. వాకిట్లో కూర్చొని ఎడంచేత్తో చిక్కుడుకాయలు ఒలుస్తా ఉండాడు. ముందరే కూర్చొని అంతా చెప్పినాను. మేడం అన్నదీ, నేను మార్చి చెప్పిందీ. వాడు ఒలుస్తానే అడిగినాడు.

“అయితే ఆ మేడం ఉండింటే నన్ను పోనిచ్చేది కాదు కదప్పా?”

“పోనిచ్చేది కాదు.”

వాడు చిక్కుడుకాయల చాట అట్లే పెట్టి లేచి లోపలికి పోయినాడు. తిడతాడేమో అని చాలాసేపు కూర్చున్నాను. తిట్టలేదు. వాడి భార్య బయటికి వచ్చి, నన్ను చూసి, చాట తీసుకొని తలుపేసింది. అప్పటినుంచి వాడు నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని అడిగే హక్కు నాకు లేదు. మేడం యాడుండాదో కనుక్కుంటా ఉండాను. ఆమె ముందరికి పోయే ధైర్యం వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను. చెప్తే అది ఇంకొక అబద్ధం అవుతుందేమో.

ఎస్తేరు మేడం నన్ను మాల తీయమనలేదు. ఇప్పుడు మీకు కూడా చెప్పేసినాను.

మునిరాజు ఇంటినుంచి ఆ పొద్దు నడిచే వచ్చినాను. మా ఇంటి వాకిలి దాటగానే ఆకలేసింది. అన్నం పెట్టమని నా భార్యను అడిగినాను. ఏండ్లయ్యింది నేను అడిగి పెట్టించుకొని. ఆమె నా మొహం చూసి పెట్టింది. తింటా ఉంటే సిగ్గేసింది. అయినా కడుపు నిండా తిన్నాను.