పసుపు కప్ప పితృప్రేమ

ఒక ఉదయం ఉభాలు, అంటే వరినాట్లు, ఆపి, ఊరందరికీ నాలుగేళ్లకు సరిపడా నవ్వు పంచిన ఘనత నాది. కోటబొమ్మాళి పక్క ఊరికి కాపురానికొచ్చిన ఇరవైమూడో రోజు, గురువారం, ఉదయం ఏడుంబావు. లెక్కలో నేనెప్పుడూ తప్పను. తప్పింది తెలివి.

జంతుశాస్త్రం చదివిన కొత్త కోడలిని మరి! వానకు మడి నిండింది. గట్టున నలభైరెండు నారు కట్టలు, నాటడానికి పదకొండుమంది ఆడవాళ్లు. మర్నాటికి వాళ్లు వేరే రైతుకు మాటిచ్చేశారు. ఆ రోజే నాటకపోతే నారు ఎండినట్టే.

సరిగ్గా అప్పుడే, నీళ్లలో ఒక పెద్ద కప్ప, దాని వీపు మీద పసుపు ముద్దలాంటి చిన్న కప్ప కనిపించాయి.

"ఆగండర్రా, దిగకండి! ఇంత రంగున్న కప్పకు ఒళ్లంతా విషం!"

మా అత్త గుండె పట్టుకుంది. "ఓలమ్మో! ఏటంతన్నావే కోడలా?"

ఇంకేం, పాఠం ఎత్తుకున్నాను. గుడ్లు గంపలకొద్దీ నీళ్లలో వదిలేసే కప్పలకు పిల్లలెవరో తెలియదు. దూరదేశపు రంగుల విషకప్పలు నేలమీద కొద్ది గుడ్లే పెడతాయి, అందుకే కాపలా కాయక తప్పలేదు. తరాలు గడిచి, తండ్రే తోకపిల్లల్ని వీపున మోసి నీటికి చేర్చడం నేర్చాడు. నూతిలో కప్పకు నుయ్యే లోకమంటారు. నా నూతికి అట్టా, పేజీ నెంబర్లూ కూడా ఉండేవి. ఇక్కడి పిల్లకు తోక లేదు, నాలుగు కాళ్లున్నాయి. ఆ కాస్త తేడా నేను లెక్కచేయలేదు.

నాటేవాళ్లకు పెద్ద పైడమ్మ వంగి చూసింది. "తండ్రి ఏదమ్మా?"

"కిందది."

"మీదున్నాది?"

"బిడ్డ."

పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కోడలమ్మా, అయి గోదురు కప్పలు! వానొస్తే మగది పచ్చబడతాది. కిందది పెళ్లాం, మీద కూకున్నోడు మొగుడు. బిడ్డలింకా పుట్టనేదు!"

పదకొండుమందీ ఒక్కసారే ఘొల్లుమన్నారు. మా అత్త నారు కట్ట మీదే కూలబడి, కళ్లు తుడుచుకుంటూ అంది: "మోసీ మొగోడు మన దేశంలో ఎక్కడున్నాడే పిచ్చిదానా!"

నలభై నిమిషాలు ఆలస్యం. అది పూడ్చడానికి చీర ఎగ్గట్టి నేనూ దిగాను. చీకటి పడకముందే నలభైరెండో కట్ట అయిపోయింది.

ఇప్పుడా మడిలో విత్తనం చల్లేస్తున్నారు, ఉభాల్లేవు. అత్తా లేదు, పైడమ్మా లేదు. ఆ నవ్వు వినడానికి ఆ పాఠం మళ్లీ చెప్పాలనిపిస్తుంది.

కానీ ఆ రోజు చేసుకున్న ప్రమాణం ప్రమాణమే. ఏ రెండు జీవాలు ఒకదానిమీదొకటి కనిపించినా వాటి బంధుత్వం నేను ప్రకటించను. కావలసినవాళ్లు వాటినే అడిగి తెలుసుకోవచ్చు.