కూత వినపడక ముందే టికెట్టు

కరోనా అణగి ప్యాసింజర్ రైళ్లు మళ్లీ మొదలైన ఏడాది, సుబ్బమ్మ కబురు నాకు మొదట తెచ్చింది ఓబులేసు. పట్టాల వెంట నడిచి బిగింపులు చూసే కీమ్యాన్.

"సుబ్బమ్మక్క ఇంక ఆసుపత్రికి పోదంటమ్మా. నిన్న రైలెక్కతా పడింది," అన్నాడు.

నేను కర్నూలు దగ్గర ఒక హాల్టులో ఏజెంటును. హాల్టంటే స్టేషన్ మాస్టరు లేని చిన్న స్టేషను. కమిషన్ మీద టికెట్లు అమ్మేది మాలాంటివాళ్లు. బడికి పోని నాకు నాన్న ఇంట్లోనే నేర్పిన చదువుతో దొరికిన పని ఇది. ఆయనను తలుచుకోకుండా టికెట్ల కిటికీ తెరవను. మా ప్లాట్‌ఫారం నేలమట్టంగా ఉంటుంది, రైలు ఆగేది ఒక్క నిమిషం.

సుబ్బమ్మది మగ్గాల ఇల్లు. వారానికి మూడుసార్లు కర్నూలులో డయాలసిస్. మానేస్తే బతకదు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను.

"ఆ మెట్టు నాకందదు తల్లీ. ఆ పొద్దుకు బస్సు లేదు. ఇంక చాల్లే," అంది.

"చాలో చాలదో దేవుడు చెప్తాడు. నువ్వు సోమవారం రా."

ఆమె భర్త నాగప్ప పాత మగ్గం చెక్కలతో ఒక మెట్టుపీట కొట్టాడు. రైలు గార్డు ఒప్పుకోలేదు.

"లైను పక్కన ఏమీ పెట్టకూడదమ్మా. చక్రం కింద పడితే?"

"నేనే పెట్టి నేనే తీస్తాను. ఆమె ఎక్కేది మీ పక్క పెట్టెలోనే. నేను చెయ్యెత్తాకే పచ్చజెండా చూపండి."

ఆయన పీట వైపు ఒకసారి చూసి, "సరే, చూద్దాం," అన్నాడు.

అసలు చిక్కు మా ఊరివాళ్లతో. రైలు కూత వినపడేదాకా నీడలో కూర్చుని, అప్పుడు అందరూ ఒక్కసారిగా కిటికీ మీద పడతారు. నేను పీట దగ్గరికి ఎప్పుడు పోవాలి? రైలుకు పది నిమిషాల ముందే టికెట్లు ఆపేస్తానని పలక మీద రాసిపెట్టాను.

సోమవారం మా ఊరి మద్దిలేటి కిటికీ బాదాడు.

"ఏమమ్మా, రైలు రానే లేదు, అప్పుడే మూసినావు? నీ యింటి రైలా ఇది?"

"ఎల్లుండి ముందే రాప్పా."

టికెట్టు లేకుండా ఎక్కే ధైర్యం లేక ఆగిపోయాడు. సుబ్బమ్మ నా భుజం పట్టుకుని పీట ఎక్కింది, అక్కణ్ణుంచి పెట్టెలోకి. పీట లాగి చెయ్యెత్తాను. జెండా ఊగింది.

బుధవారం అతను నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. "పైవాళ్లకు రాస్తాం, తెలుసునా?"

"రాయండి. ఎందుకు మూస్తాండానో అది గూడా రాయండి," అని ప్లాట్‌ఫారం చివరకు చెయ్యి చూపాను. సుబ్బమ్మ పీట మీద కూర్చుని ఆయాసపడుతోంది. వాళ్లు అటు చూసి కిటికీ దగ్గర్నుంచి పక్కకు జరిగారు.

శుక్రవారం కిటికీ ముందు మొదట నిలబడింది మద్దిలేటే. "ఇయ్యమ్మా. రైలింకా డోన్ స్టేషన్లో నిద్రపోతా ఉండాది," అన్నాడు. వెనకవాళ్లు నవ్వారు.

రైలాగే నిమిషాన్ని నేను పెంచలేను. దాని ముందరి పది నిమిషాలు మాత్రం మా చేతిలోవే. ఆ పనిలో నేర్చుకున్నది ఇంతే.

సుబ్బమ్మ ఇప్పటికీ వస్తోంది, ఎక్కేటప్పుడు కాలు ఇప్పటికీ వణుకుతుంది. సోమ, బుధ, శుక్రవారాల పొద్దున మీరు దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.