ఓడలో ఎక్కువైన బరువు

సిల్వియాది నరసాపురం. కువైట్‌లో ఒక ఆసుపత్రిలో, ముసలివాళ్ల వార్డులో నర్సు. పక్క గదిలో ఉండే నిత్య అనే అమ్మాయి పోరు పడలేక ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫణి ఇంటికి ఆటకి వెళ్లింది. తర్వాత మానలేకపోయింది.

ఆటంటే ఫోన్లో ఆడేది కాదు. ఫణి కథ చెబుతాడు. మిగతావాళ్లు అందులో తలా ఒక మనిషై మాట్లాడతారు. సందేహం వచ్చినచోట పాచికలు వేస్తారు. ఇమ్తియాజ్ అంతరిక్ష ఓడ నడుపుతాడు, నిత్య ఇంజన్లు చూస్తుంది, సిల్వియా ఓడ డాక్టరు. అదే ఊళ్లో మిర్కాబ్ పేటలో ఆఫీసు ఉద్యోగం చేసే ఫణికి లెక్కల పిచ్చి. ఓడ ఏ గ్రహం మీద దిగినా, ఇంజను తోసే థ్రస్ట్ ఎంతో, ఓడ బరువెంతో తేల్చందే పైకి లేవనిచ్చేవాడు కాదు.

ఒక వారం ఓడ దిగిన గ్రహానికి లాగుడు ఎక్కువ. ఖనిజం నింపుకుని లేవబోతే ఓడ నేలను పట్టుకుని వణికిందే తప్ప కదల్లేదు.

"ఇంజను తోసే బలం, ఓడ బరువు సమానంగా ఉన్నాయి," అన్నాడు ఫణి. "సమానమైతే లేవదు. ఒక్క మనిషి బరువు తగ్గితే లేస్తుంది."

"సరుకు పారేస్తే ఇంత దూరం వచ్చింది దేనికి భాయ్?" అన్నాడు ఇమ్తియాజ్.

"పోనీ, నేను దిగిపోతాలెండి," అంది సిల్వియా. ఆటే కదా అని అనేసింది.

ఓడ లేచింది. "కింద నీకేం కనిపిస్తోంది?" అని అడిగాడు ఫణి.

సిల్వియా కళ్లు మూసుకుంది. "దుమ్మండి. ఓడ మంట చుక్కంతైపోయింది. నా పక్కనెవరో ఆడమనిషి నిలబడుందండి. నాకంటే ముందు దిగిపోయినావిడ."

ఫణి మొహం పాలిపోయింది. ఆ గ్రహం మీద ఎప్పుడో ఒక ఓడ ఒకావిణ్ణి వదిలేసి పోయిందని అతను కథ అల్లేటప్పుడే మనసులో అనుకున్నాడు. పైకి ఎవరితోనూ అనలేదు.

మర్నాటి నుంచి సిల్వియాకి కాళ్లు బరువెక్కాయి. వార్డులో నాలుగడుగులు వేస్తే ఇసుకలో నడిచినట్టుండేది. పరీక్షలు చేయించుకుంటే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆ వారమంతా దుమ్ముగాలి. పట్టపగలే కిటికీలు ఇటుక రంగులోకి తిరిగాయి. బీపీ చూస్తుంటే మంచం మీది కువైటీ ముసలమ్మ ఆమె భుజం పక్కకి చూసి, "మినూ వియ్యాచ్?" అంది. నీతో ఉన్నదెవరని.

"ఎవరూ లేరు," అంది సిల్వియా అరబ్బీలో. వెనక్కి తిరిగి చూడటానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

శుక్రవారం రాగానే ఫణి ఇంటికెళ్లి కూర్చుంది. "నన్నక్కడ వదిలెయ్యకండి. వచ్చి తీసుకెళ్లండి," అంది. ఆమె గొంతు విన్నాక ఎవరూ నవ్వలేదు.

"ఖనిజం ఖలాస్. మొత్తం పారేస్తున్నా," అన్నాడు ఇమ్తియాజ్. ఓడ దిగింది. సిల్వియా ఎక్కింది. ఫణి లెక్క వేశాడు. రెండోసారి దిగాక ఇంజన్ల బలం తగ్గినా, ఖనిజం లేదు కాబట్టి ఈసారి థ్రస్ట్ సరిగ్గా చాలినంత ఉంది. ఇమ్తియాజ్ వేసిన పాచికలు కూడా బాగా పడ్డాయి.

"ఓడ లేస్తోంది," అన్నాడు ఫణి. అంతలో ఆగిపోయాడు. "లేదు. బరువు ఎక్కువుంది. ఒక మనిషంత."

"నువ్వే కదా చెప్పేది? తగ్గించు," అంది నిత్య.

"నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది," అన్నాడు ఫణి.

బయట గాలి కిటికీని తోస్తోంది. దుమ్ములో తన పక్కన నిలబడ్డ ఆవిడ ఇప్పుడు తన వెనకే ఉందని సిల్వియాకి తెలిసింది. భయమేసింది. కానీ వార్డులో ఎవరికీ అక్కర్లేని ముసలివాళ్లను రోజూ చూసే మనిషి ఆమె.

"దింపకండి, ఆవిణ్ణీ రానివ్వండి," అంది. "నా మందుల పెట్టెలు, నీళ్లు, అన్నీ కిందికి తోసేయండి."

తోసేశారు. ఓడ దుమ్మును దాటింది, గ్రహం లాగుడు నుంచి బయటపడింది. ఫణి ఆ ఆటను అక్కడితో ఆపేశాడు.

సిల్వియా మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా పడ్డాయి. ఇంటికెళ్లే బస్సు కిక్కిరిసి ఉంది. కడ్డీలు పట్టుకుని వేలాడుతున్నారు. ఆమె పక్క సీటు మాత్రం ఖాళీగానే ఉంది. ఎక్కినవాళ్లు దాని దాకా వచ్చి, ఎవరో కూర్చున్నట్టే తప్పుకుని ముందుకు పోతున్నారు. సిల్వియా కాస్త కిటికీ వైపు జరిగి చోటిచ్చింది.