గాలి గొట్టంలో నీలం చీర ముక్క

తాండూరు నుంచి వికారాబాద్ వెళ్లేటప్పుడల్లా మా పాత కారు ధారూర్ దగ్గర ఆగిపోయేది. మా ఆయన దిగి పెట్రోల్ ట్యాంకు మూత తిప్పితే, బుస్సుమని గాలి లోపలికి పోయి కారు మళ్లీ నడిచేది. ఆయన పోయి రెండేళ్లయింది.

ఈ రోజు నేను, మా అమ్మాయి తాండూరులో కారును రిపేరుకిచ్చాం. మెకానిక్ ట్యాంకుకు గాలి అందే గొట్టంలోంచి నా నీలం చీర ముక్క బయటికి లాగాడు.

"గిది ఎవరు కుక్కిన్రమ్మా? గాలి అందకనే బండి ఆగుతున్నది."

"మా ఇంటాయనే కావచ్చు. పెట్రోల్ వాసనకు నాకు వాంతులైతుండె. అవి తగ్గితే దేవుని దయ అనుకున్న."

"తీసేస్తే మల్ల వాసనొస్తది."

"రానియ్యి నాయనా."

తిరిగి వచ్చేటప్పుడు కారు ఎక్కడా ఆగలేదు. ధారూర్ దగ్గర నేనే, కారు నడుపుతున్న మా అమ్మాయితో ఆపమని చెప్పి, దిగి మూత తిప్పాను. ఏ చప్పుడూ రాలేదు.

మీ ఇంట్లోవాళ్లు చెప్పకుండా చేసిన పనులు ఇట్లా ఎప్పుడైనా బయటపడ్డాయా?