పెరిగిన గుండె

మిర్యాలగూడ రైస్‌మిల్లుల ముప్పై ఏండ్లు బస్తాలు మోసిన హమాలీ లింగస్వామికి దవాఖానల స్కానింగ్ తీసి, గుండె పెరిగిందన్నరు. ఇగ ఆగుతడా? మోసీమోసీ కండలు పెరిగినట్టే గుండె గూడ బలిసిందనుకుని, మిల్లుకాడ అందరికీ జిలేబీ పంచిండు.

సంగతి తెలిసి డాక్టరమ్మ గరమైంది. "పెద్దయ్యా, పిడికిలి పట్టు. మనిషి గుండె గంతే ఉండాలె. అది ముడుసుకుంటే రక్తం ఒళ్లంతా పోతది, వదులైతే మళ్ల నిండుతది. నీది సాగిపోయి గట్టిగ ముడుసుకోలేకపోతున్నది. గోలీలు ఏస్కో, బస్తాలు బంద్ జెయ్."

గొణుక్కుంటనే లింగస్వామి మిల్లు గేటుకాడ కాపలాకు మారిండు. గోలీ ఒక్కటి తప్పలే.

ఆర్నెల్లకు మళ్ల స్కానింగ్ తీసి, గుండె తగ్గిందని డాక్టరమ్మ నవ్వింది. బస్తా ఒక్కటి తగ్గినా ఇజ్జత్ పోయిందనుకునే మనిషి, ఆ పొద్దు గుండె తగ్గినందుకు జిలేబీ పంచిండు.