సర్పంచమ్మ పంచిన భూమి

గరిడేపల్లి అవతల నేను పంతులుగా పనిచేసిన ఊరి సర్పంచమ్మ గొర్లు కాసే ఇంటి మనిషి. ఆమె నామినేషన్ వేసిన రోజే అవతలివాళ్లు ఆమె భర్త తల పగలగొట్టారు. అతని నెత్తురంటిన చీరతోనే ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగి గెలిచింది.

తగాదా తీర్చేటప్పుడు ఆమె కుర్చీలో కూర్చునేది కాదు. కొట్లాడుకునే ఇద్దరి మధ్యా నిలబడేది.

ఒక ఎండాకాలం, తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరు రెండెకరాల పంపకానికి ఆమె దగ్గరికొచ్చారు. కాగితాలు రాయడానికి నేనూ ఉన్నాను.

“బాపును సాకింది నేను. నీకు గుంట భూమి సుత ఇయ్య” అన్నాడు అన్న.

తమ్ముడు గొడ్డలెత్తాడు. అన్న మెడ మీద పడాల్సిన వేటుకు సర్పంచమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. గోడంతా నెత్తురు చిమ్మింది.

సూర్యాపేట దవాఖానలో పోలీసులు అడిగితే, “నరికింది వాడే. రాసుకోండ్రి” అంది. తమ్ముడు జైలుకు పోయాడు.

ఆమె కట్టుతో ఇంటికి రాగానే అన్న వచ్చాడు.

“ఇగ భూమి మొత్తం నాదే గదా, సర్పంచమ్మా?”

“వాడు నరికింది నా చెయ్యి. నీ తమ్ముడు గాకుండ పోలే. గడ్డపార పట్టు, నడువు.”

అన్న తిట్టుకుంటూనే గుంతలు తవ్వాడు. తమ్ముడి ఎకరానికి నాలుగు మూలలా హద్దురాళ్లు పడేదాకా ఆమె ఎండలోంచి కదలలేదు.

తిరిగొస్తుంటే అడిగాను: “నిన్ను నరికినవాడి మీద కోపం లేదా అమ్మా?”

“ఎందుకు లేదు సార్? అందుకే కేసు పెట్టిన. భూమి సంగతి ఏరే.”