డిపార్టెడ్ అంటే బయలుదేరెను

ఇవాళ మనవడు "డిపార్టెడ్ అంటే బయలుదేరెను" అని వల్లెవేస్తుంటే పడవలు ఆగే మన కాలవ లాకు కళ్లకు కట్టింది. గుర్తుందా నేస్తం, తడి మోకుల వాసన?

మా నాన్న ధవళేశ్వరంలో ఓ దొర దగ్గర పనిచేసేవాడు. తెలుగు రాని ఆ దొర పడవ సరంగుతో ఒక్క మాటే పంపాడు: "డిపార్టెడ్."

ఊరి ఇంగ్లీషంతా మన పంతులుగారిదే కదా. "మీ ఆయన బయల్దేరాడమ్మా!" అన్నారు.

అమ్మ వంకాయ కూర వండింది. "చిక్కిపోయుంటారు. ముక్కలన్నీ నువ్వే మింగకురా" అని నన్ను కసిరింది.

దొరలు చచ్చిపోవడాన్ని కూడా అంత మర్యాదగా చెబుతారని పంతులుగారికేం తెలుసు?

మర్నాడు పడవలోంచి నాన్న చెప్పులు దించారు.

"జబ్బుచేసి పోయారని కబురంపారు కదమ్మా" అన్నాడు పడవవాడు.

అమ్మ చెప్పులకేసి చూసింది.

"ఇవి లేకుండా ఎలా బయల్దేరారండీ?"